కాంట్రాక్ట్‌లో లయబిలిటీ, ఇండెమ్నిటీ క్లాజులు: సంతకానికి ముందు ఎలా చదవాలి

ఒక వెబ్‌సైట్ పనికి నేను సంతకం పెట్టిన కాంట్రాక్ట్ 14 పేజీలు. ఫీజు, గడువు, పేమెంట్ తేదీలు ఉన్న మొదటి మూడు పేజీలు రెండేసి సార్లు చదివాను. 11వ పేజీలో ఇండెమ్నిటీ, అంటే ఫలానా నష్టం వస్తే నేను భరిస్తానన్న మాట, అని ఒక పేరా ఉంది. అన్ని కాంట్రాక్టుల్లోనూ ఇలాంటిది ఒకటి ఉంటుందిలే అనుకుని పేజీ తిప్పేశాను. సైట్ మొదలైన ఐదు నెలలకు ఒక ఫొటోగ్రాఫర్ తరఫు లాయర్ క్లయింటుకు నోటీసు పంపాడు, అనుమతి లేకుండా ఫొటో వాడుకున్నారని. ఆ ఫొటో నాకు ఇచ్చింది క్లయింటే. అయినా నోటీసు కాపీతో పాటు నాకో ఈమెయిల్ వచ్చింది: 11వ పేజీ ప్రకారం ఈ ఖర్చంతా మీరే పెట్టుకోవాలి అని. చాలా రోజులు నిద్ర లేకుండా గడిపాక, సగం సగం భరించేలా రాజీ పడ్డాం. నా వాటాకు వచ్చిన ఆ సగమే, పని మొత్తానికి నేను తీసుకున్న ఫీజు కంటే ఎక్కువ.

అప్పటి నుంచి ఏ కాంట్రాక్ట్ వచ్చినా ముందు లయబిలిటీ, ఇండెమ్నిటీ అనే ఈ రెండు క్లాజులే చదువుతాను, ఫీజు కంటే ముందు. అంతా సవ్యంగా జరిగితే ఎంత వస్తుందో ఫీజు పేజీ చెబుతుంది. తేడా వస్తే ఎంత పోతుందో ఈ క్లాజులు చెబుతాయి. నేను లాయర్‌ను కాను. చిన్న సంస్థ నడుపుతూ, లాయర్ల పక్కన కూర్చుని నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి

కాంట్రాక్ట్ తెరవకముందే ఈ పని చేయండి. ఈ డీల్‌లో ఏమేం చెడిపోవచ్చో నాలుగైదు లైన్లు రాసుకోండి. "నష్టం రావచ్చు" అని పైపైన రాస్తే ఉపయోగం లేదు. జరిగినట్టే రాయండి. సరుకు సప్లై చేసేవాళ్లయితే: లాట్‌లో సగం పాడైంది, కొన్నవాళ్ల ఫ్యాక్టరీ రెండు రోజులు ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ అయితే: మనం పెట్టిన అప్‌డేట్ వల్ల వాళ్ల కస్టమర్ల డేటా బయటికి పొక్కింది. గోడౌన్ అద్దెకిస్తే: మన మనిషి వెల్డింగ్ చేస్తుంటే నిప్పు అంటుకుంది. ఎవరికైనా దెబ్బ తగలడం, బయటివాళ్లు కేసు వేయడం, పని ఆలస్యం కావడం, ఈ మూడు రకాలూ ఆ లిస్టులో ఉండాలి.

ఊరికే చదివితే ఈ క్లాజులన్నీ న్యాయంగానే అనిపిస్తాయి. చేతిలో ఒక ఘటన పెట్టుకుని చదివితేనే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో కనిపిస్తుంది.

ఆ క్లాజులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి

హెడ్డింగ్ చూసి ఆగిపోకండి. ఇండెమ్నిటీ మాటలు వారంటీల కింద, డేటా భద్రత కింద, మేధో సంపత్తి కింద, చివరి అనుబంధాల్లో కూడా దొరుకుతాయి. పర్చేజ్ ఆర్డర్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు అసలు కాంట్రాక్టుకు అడ్డం పడొచ్చు. అందుకే రెండు పత్రాలకు పొసగకపోతే ఏది చెల్లుతుందో చెప్పే వాక్యం కూడా పట్టుకోండి. ఫైల్ కంప్యూటర్‌లో ఉంటే బాధ్యత, నష్టం, ఖర్చు, క్లెయిమ్, మినహాయింపు అనే మాటలన్నీ సెర్చ్ చేసి, దొరికిన ప్రతి పేరాకూ రంగు పూయండి. అరగంట పని.

రెండింటి తేడా మనసులో స్థిరపడాలి

లయబిలిటీ అంటే ఒప్పందం తప్పినందుకు మీరు ఇవ్వాల్సిన నష్టపరిహారం. కాంట్రాక్టులో ఒక్క మాట రాయకపోయినా చట్టం ప్రకారం అది ఉంటుంది. కాకపోతే చట్టమే దానికి హద్దులు పెట్టింది. అడిగేవాళ్లు మీరు మాట తప్పారని చూపాలి, నష్టం దానివల్లే వచ్చిందని చూపాలి, అది ముందే ఊహించదగిన నష్టమై ఉండాలి.

ఈ చివరి హద్దుకు మూలం 1854లో ఇంగ్లండ్‌లో వచ్చిన హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ తీర్పు. గ్లౌసెస్టర్‌లో ఒక పిండిమిల్లు. ఆవిరి యంత్రం క్రాంక్‌షాఫ్ట్ విరిగింది. దాన్ని చూసి కొత్తది చేయడానికి గ్రీనిచ్‌లోని తయారీదారులకు పంపాలి. రవాణా వాళ్లు కొన్ని రోజులు ఆలస్యం చేశారు. అన్నాళ్లూ మిల్లు మూతపడింది. పోయిన లాభం ఇప్పించమని మిల్లు యజమానులు కోర్టుకెళ్లారు. కోర్టు ఇవ్వలేదు. మామూలుగా ఇలాంటి ఆలస్యం నుంచి సహజంగా వచ్చే నష్టం, లేదా ఒప్పందం నాడే ఇద్దరి ఎరుకలో ఉన్న నష్టం మాత్రమే అడగొచ్చు అంది. ఈ సూత్రం భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 73వ సెక్షన్‌లోనూ కనిపిస్తుంది. దూరపు, పరోక్ష నష్టాలకు పరిహారం లేదని ఆ సెక్షన్ నేరుగానే చెబుతుంది.

ఇండెమ్నిటీ దారి వేరు. ఫలానాది జరిగితే ఆ నష్టం మీకు తగలకుండా నేను భరిస్తాను అని ఇచ్చే మాట అది. ఇక్కడ తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాకపోవచ్చు. ఆ చట్టంలోనే 124వ సెక్షన్ ఇచ్చిన నిర్వచనం చూడండి: మాట ఇచ్చినవారి వల్లగానీ, ఇంకెవరి వల్లనైనాగానీ కలిగే నష్టం నుంచి కాపాడతానన్న ఒప్పందం. ఇంకెవరి వల్లనైనా అన్న ముక్క దగ్గర కాసేపు ఆగండి. మీ చేయి తగలని పనికి కూడా మీరు డబ్బు కట్టే వీలు అందులో ఉంది. 125వ సెక్షన్ ప్రకారం అవతలివారు కోర్టులో కట్టిన పరిహారం, కేసు ఖర్చులు, తగిన రాజీకి ఇచ్చిన డబ్బు కూడా రాబట్టుకోవచ్చు. వాళ్లు ముందు తమ జేబులోంచి కట్టాకే మిమ్మల్ని అడగాలనీ లేదు. బాధ్యత ఖాయమైపోతే ముందుగానే అడగొచ్చని బొంబాయి హైకోర్టు 1942లో గజానన్ మోరేశ్వర్ కేసులో చెప్పింది.

ఇండెమ్నిటీ వాక్యాన్ని ముక్కలు చేయండి

అసలు పని ఇక్కడే ఉంది. నేను సంతకం పెట్టిన వాక్యం దాదాపు ఇలా ఉండేది:

"ఈ సేవల నుంచి తలెత్తే, లేదా వాటితో ఏ విధంగానైనా సంబంధం ఉన్న అన్ని క్లెయిములు, నష్టాలు, ఖర్చులు, లాయర్ ఫీజుల విషయంలో సప్లయర్ క్లయింటుకు, దాని అనుబంధ సంస్థలకు, ఉద్యోగులకు ఏ నష్టమూ తగలకుండా భరించాలి, వారి తరఫున కేసు నడపాలి."

పెన్సిల్ తీసుకుని ఒక్కో ముక్క కింద గీత గీయండి.

"ఏ విధంగానైనా సంబంధం ఉన్న." నన్ను ముంచింది ఈ నాలుగు మాటలే. క్లయింటు ఇచ్చిన ఫొటో అయినా, అది నేను చేసిన పేజీలో ఉంది కాబట్టి సంబంధం ఉన్నట్టే లెక్క. దీని బదులు "సప్లయర్ నిర్లక్ష్యం వల్ల లేదా ఈ ఒప్పందాన్ని ఉల్లంఘించడం వల్ల, ఆ మేరకు మాత్రమే" అని రాయించుకోండి. ఆ మేరకు అన్న మాట చిన్నదే, కానీ చాలా బరువైనది. తప్పులో మీ వాటా మూడో వంతైతే మీరు కట్టేదీ మూడో వంతే అవుతుంది.

"అన్ని క్లెయిములు, నష్టాలు." బయటివాళ్లు వేసిన క్లెయిములా, క్లయింటు సొంత నష్టం కూడానా? ఇండెమ్నిటీ అసలు బయటివాళ్ల క్లెయిముల కోసమే ఉండాలని నా అభిప్రాయం. క్లయింటు సొంత నష్టానికి మామూలు నష్టపరిహార దారి ఎలాగూ ఉంది. ఆ దారికి చట్టం పెట్టిన హద్దులను దాటేయడానికే చాలాసార్లు సొంత నష్టాన్ని కూడా ఇండెమ్నిటీలో కలుపుతారు. "థర్డ్ పార్టీ క్లెయిములు" అని రాస్తే సరిపోతుంది.

"వారి తరఫున కేసు నడపాలి." ఇది భరించడం కంటే వేరే బాధ్యత. నష్టం తేలకముందే, క్లెయిమ్ వచ్చిన రోజునుంచే లాయర్ ఖర్చు మీ మీద పడొచ్చు. ఆ క్లెయిమ్ చివరికి వీగిపోయినా పెట్టిన ఖర్చు పెట్టినట్టే.

"అనుబంధ సంస్థలకు, ఉద్యోగులకు." మీరు ఎవరెవరికి మాట ఇస్తున్నారో లెక్క తెలియాలి. పెద్ద సంస్థకు ఎన్ని అనుబంధ సంస్థలుంటాయో మీకు తెలియకపోవచ్చు.

ఇక వాక్యంలో లేనిదాన్ని చూడండి. క్లయింటు ఇచ్చిన ఫొటోలు, డేటా, డిజైన్లు, వాళ్లు చెప్పినట్టే చేసిన మార్పుల వల్ల వచ్చే క్లెయిములకు మినహాయింపు లేదు. ఆ ఒక్క లైను ఉంటే ఫొటోగ్రాఫర్ నోటీసు నా గుమ్మం దాకా వచ్చేది కాదు. ఇంకో అడుగు ముందుకేసి, అలాంటి వాటికి క్లయింటే మీకు ఎదురు ఇండెమ్నిటీ ఇవ్వాలని అడగండి. అది న్యాయమైన కోరికే.

మీరు అటువైపు ఉంటే, అంటే ఇండెమ్నిటీ తీసుకునేవారైతే, గుర్తుంచుకోవాల్సిన కేసు ఒకటుంది. కెనడాలోని మాంట్రియల్‌లో ప్రభుత్వం ఒక షిప్పింగ్ సంస్థకు సరుకుల షెడ్డు అద్దెకిచ్చింది. 1944లో ప్రభుత్వ సిబ్బంది షెడ్డు తలుపు బాగుచేస్తూ గ్యాస్ కట్టింగ్ టార్చ్ వాడారు. నిప్పురవ్వలు పత్తికి అంటుకుని షెడ్డు, సరుకు కాలిపోయాయి. అద్దె ఒప్పందంలో ప్రభుత్వాన్ని కాపాడే క్లాజు, ఇండెమ్నిటీ క్లాజు రెండూ ఉన్నాయి. కానీ సొంత నిర్లక్ష్యానికి కూడా ఇవి వర్తిస్తాయని ఎక్కడా స్పష్టంగా రాయలేదు. 1952లో లండన్‌లోని అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ ప్రభుత్వమే నష్టం కట్టాలని తేల్చింది. మీ సొంత తప్పుకు కూడా అవతలివారే భరించాలని మీరు కోరుతుంటే అది స్పష్టంగా రాయాలి. మీరు భరించేవారైతే, అలాంటి మాట స్పష్టంగా రాసి ఉందేమో చూసి, ఉంటే ఒప్పుకోకండి.

క్లెయిమ్ వచ్చిన రోజు ఏం జరగాలో రాయించండి

నోటీసు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, కేసు ఎవరి చేతిలో ఉంటుంది, రాజీకి ఎవరి అనుమతి కావాలి. ఈ మూడూ లేని ఇండెమ్నిటీ అంటే, వాళ్లు మీ డబ్బుతో తమకు నచ్చిన లాయర్‌ను పెట్టుకుని, తమకు నచ్చిన మొత్తానికి రాజీ పడొచ్చు. డబ్బు కట్టేది మీరైతే కేసు పగ్గాలు మీ దగ్గరే ఉండాలని, మీ రాతపూర్వక అనుమతి లేకుండా రాజీ కుదరదని అడగండి. అటు నుంచి వాళ్లు కూడా ఒకటి అడుగుతారు, తప్పు ఒప్పుకున్నట్టుండే రాజీ తమకు చెప్పకుండా చేయొద్దని. అది ఒప్పుకోవచ్చు. నష్టాన్ని వీలైనంత తగ్గించే బాధ్యత ఇండెమ్నిటీ తీసుకునేవారికీ ఉంటుందని కూడా రాయించండి. మామూలు నష్టపరిహారానికి చట్టమే ఆ మాట చెబుతుంది. ఇండెమ్నిటీ దగ్గర మాత్రం దాన్ని వాదనకు వదిలేయొద్దు.

క్యాప్‌ను లెక్కేసి చూడండి

క్యాప్ అంటే మీ బాధ్యతకు గరిష్ఠ పరిమితి. చాలామంది క్యాప్ ఉందని చూసి ఊపిరి పీల్చుకుంటారు. కాగితం మీద లెక్క వేశాకే పీల్చుకోండి.

నెలకు లక్ష చొప్పున రెండేళ్ల కాంట్రాక్ట్ అనుకుందాం. నాలుగో నెల మొదట్లో పెద్ద నష్టం జరిగింది. క్యాప్ "ఘటనకు ముందు 12 నెలల్లో చెల్లించిన ఫీజు" అని ఉంటే అది 3 లక్షలు. ఆ మూడు నెలల్లో ఒక బిల్లు ఇంకా పేమెంట్ కాకపోతే 2 లక్షలే. "ఈ ఒప్పందం కింద చెల్లించిన, చెల్లించాల్సిన మొత్తం ఫీజు" అని ఉంటే 24 లక్షలు. డీల్ అదే, నష్టం అదే. రెండు మాటల తేడాకు లెక్క ఎనిమిది రెట్లు, పన్నెండు రెట్లు మారిపోతోంది. మీరు ఏ వైపు ఉన్నారన్న దాన్ని బట్టి ఇందులో మీకు ఏది కావాలో తేల్చుకోండి.

ఆ పరిమితి ఒక్కో క్లెయిముకా, అన్నీ కలిపా అన్నది కూడా చూడండి. "ఒక్కో క్లెయిముకు" అంటే 3 లక్షల క్లెయిములు పది వస్తే 30 లక్షలు. "మొత్తం మీద" అన్న మాట ఉంటేనే అది నిజమైన పైకప్పు. క్యాప్ ఇద్దరికీ వర్తిస్తుందా, ఒక్కరికేనా అన్నది ఇంకొకటి. సేవలు కొనేవారు కట్టాల్సిన ఫీజు ఈ క్యాప్ కిందికి రాకూడదు. వస్తే, చేసిన పనికి మీకు రావాల్సిన బాకీకే పరిమితి పడే ప్రమాదం ఉంది.

"పరోక్ష నష్టాలు ఉండవు" అన్న లైను

ప్రతి కాంట్రాక్టులో ఉంటుంది, ప్రతి ఒక్కరూ దాటేస్తారు. పోయిన లాభం పరోక్ష నష్టమే కదా, అది ఇందులోకి వచ్చేస్తుందని అనుకుంటారు. అలా అనుకుని కూర్చోకండి. ఇంగ్లండ్ కోర్టులు చాలాకాలంగా పరోక్ష నష్టమంటే హ్యాడ్లీ కేసులోని రెండో రకం, అంటే ప్రత్యేక పరిస్థితుల వల్ల వచ్చినది, అనే అర్థంలోనే చదివాయి. ఫ్యాక్టరీ ఆగినందువల్ల సహజంగా పోయిన లాభం ప్రత్యక్ష నష్టంగా మిగిలిపోవచ్చు. అది వద్దనుకుంటే లాభాల నష్టం, ఆదాయ నష్టం, డేటా నష్టం, పేరుకు వచ్చిన చెరుపు అని విడివిడిగా, "ప్రత్యక్షమైనా పరోక్షమైనా" అని రాయాలి. "పరోక్ష నష్టాలు, అంటే లాభాల నష్టం మొదలైనవి" అని రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే ఆ లాభం పరోక్షమైతేనే మినహాయింపు అని వాదించే వీలుంది.

కొనేవారైతే దీనికి ఎదురు పని చేయండి. సరుకు మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు, డేటా తిరిగి రాబట్టే ఖర్చు, కస్టమర్లకు సమాచారం పంపే ఖర్చు ప్రత్యక్ష నష్టాలేనని ముందే పేర్లు పెట్టి రాయించుకోండి.

క్యాప్‌కు మినహాయింపులు: అసలు మెలిక ఇక్కడ

క్యాప్ పేరా చివర్లో "ఈ పరిమితి కింది వాటికి వర్తించదు" అని ఒక లిస్టు ఉంటుంది. కొన్ని సహజమే. మోసం, కావాలని చేసిన తప్పు, మనిషి ప్రాణానికి హాని. కొన్ని దేశాల్లో వీటికి పరిమితి పెట్టాలన్నా చట్టం ఒప్పదు. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం, గాయాలకు బాధ్యత తప్పించుకునే షరతును బ్రిటన్ 1977 నాటి చట్టం చెల్లనివ్వదు. కావాలని చేసిన తప్పుకు బాధ్యతను ముందుగానే మాఫీ చేసుకోవడాన్ని జర్మన్ సివిల్ కోడ్ 276వ సెక్షన్ ఒప్పుకోదు.

ఆ లిస్టులో "ఇండెమ్నిటీ బాధ్యతలు" అన్న రెండు మాటలు కనిపిస్తే మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చోండి. మనం ఇందాక చదివిన వెడల్పాటి ఇండెమ్నిటీకి ఇప్పుడు పరిమితే లేదని దానర్థం. ఏ సంబంధమున్నా, ఎంతైనా అని. లయబిలిటీ క్లాజును ఒక పేజీలో, ఇండెమ్నిటీని ఇంకో పేజీలో చదివి రెండూ బాగానే ఉన్నాయనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఎప్పుడూ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

పూర్తిగా కొట్టేయమంటే అవతలివాళ్లు ఒప్పుకోరు. మధ్యేమార్గంగా రెండో మెట్టు అడగండి. మామూలు విషయాలకు ఏడాది ఫీజంత క్యాప్, డేటా లీక్ లాంటి కొన్నింటికి దానికి మూడు రెట్లో ఐదు రెట్లో వేరే క్యాప్. పరిమితి లేకుండా ఉండేవి మోసం, కావాలని చేసిన తప్పు, ప్రాణహాని మాత్రమే.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయండి

ఇన్సూరెన్స్ ఉంది కదా అన్న ధీమాతో పెద్ద ఇండెమ్నిటీకి తల ఊపేవాళ్లను చూశాను. చాలా పాలసీల్లో ఒక మినహాయింపు ఉంటుంది: చట్టం ప్రకారం లేని బాధ్యతను మీ అంతట మీరు కాంట్రాక్టులో నెత్తికెత్తుకుంటే అది కవర్ కాదు. తప్పు లేకున్నా భరిస్తానన్న ఇండెమ్నిటీ సరిగ్గా అలాంటిదే. ఆ పేరాను కాపీ చేసి బ్రోకర్‌కు పంపి, కవర్ అవుతుందా లేదా అని రాతలో జవాబు తీసుకోండి. మీ క్యాప్ పాలసీ మొత్తాన్ని మించకుండా చూసుకోవడం కూడా మంచిది.

మార్పులు ఎలా అడగాలి

కాంట్రాక్టంతా ఎర్ర సిరాతో నింపి పంపితే అవతలి లాయర్ అన్నీ తిప్పికొడతాడు. మూడింటికి మించి అడగకండి. నేను అడిగే వరుస ఇది: మొదట ఆ మేరకు అన్న మాట, తర్వాత క్లయింటు ఇచ్చిన సామగ్రికి మినహాయింపు, తర్వాత ఇండెమ్నిటీకి క్యాప్. ఈమెయిల్ కూడా సాదాగా ఉంటే చాలు:

"సర్, 11వ పేజీలోని ఇండెమ్నిటీ చదివాను. మా తప్పు వల్ల మీకు వచ్చే క్లెయిములు మేం తప్పకుండా భరిస్తాం. మీరు ఇచ్చే ఫొటోలు, సమాచారం వల్ల వచ్చేవి మా చేతిలో ఉండవు కాబట్టి వాటికి మినహాయింపు పెట్టమని కోరుతున్నాను. దీనికి మొత్తం పరిమితి ఏడాది ఫీజుకు రెండు రెట్లుగా పెడితే మా ఇన్సూరెన్స్‌లో కవర్ అవుతుంది. సవరించిన వాక్యం కింద ఇచ్చాను."

సవరించిన వాక్యం మీరే రాసి పంపడం ముఖ్యం. ఆలోచించుకుని చెప్పండి అంటే ఫైలు పక్కకు పోతుంది. ఒప్పుకోవడానికో కొట్టేయడానికో ఒక వాక్యం ఎదురుగా ఉంటే జవాబు వస్తుంది. "ఇది మా స్టాండర్డ్ ఫార్మాట్, మార్చం" అంటే, మార్చకపోతే ఆ రిస్కుకు తగ్గట్టు ఫీజు ఎంత పెంచాలో చెప్పండి. నా అనుభవంలో ఆ మాట తర్వాత ఫార్మాట్ చాలాసార్లు కదిలింది. కదలనప్పుడు రెండు పనులు వదులుకున్నాను, అందుకు ఇప్పటికీ బాధ లేదు.

చివరగా మళ్లీ ఆ తెల్ల కాగితం

మార్పులన్నీ అయ్యాక మీరు మొదట రాసుకున్న ఘటనలు తీయండి. ఒక్కో ఘటన పక్కన మూడు సంగతులు రాయండి: ఎవరు కడతారు, గరిష్ఠంగా ఎంత, అందులో ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుంది. ఏదైనా లైను పక్కన అంకె రాయలేకపోతే, లేదా "పరిమితి లేదు" అని రాయాల్సి వస్తే, లాయర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన ప్రశ్న అదే. కాంట్రాక్టంతా చూడండి అని ఇచ్చేకన్నా ఈ కాగితంతో వెళితే ఆయన సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి.

సంతకం అయ్యాక ఆ కాగితాన్ని కాంట్రాక్ట్ కాపీకే పిన్ చేయండి. పైన రెండు విషయాలు పెద్ద అక్షరాల్లో రాయండి: క్లెయిమ్ వస్తే ఎన్ని రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఏ ఈమెయిల్‌కు ఇవ్వాలి. కాంట్రాక్ట్ ముగిశాక కూడా ఇండెమ్నిటీ ఎన్నేళ్లు కొనసాగుతుందో ఆ కింద రాసి, ఆ తేదీ దాటేవరకు ఫైలు పారేయకండి.